బుగ్గ పతంగి – మన పేట చిత్రము
(షోలాపురము తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ వేదిక మీద ప్రతి ఉగాదికి పంచాంగ శ్రవణము జరుగుతుంది. పద్యాలు చదివేవారు చదువుతారు, పాడేవారు పాడుతారు. ఈ ఏడు కార్యదర్శిగారు మమ్ము పిలిచి, "మీరు ఎగరవేసిన బుగ్గ సంగతి నలుగురికీ చెప్పండి" అన్నారు. మేము పండితులము కాము. మెట్రిక్కుతో చదువు చాలించి రైల్వే ఆఫీసులో రిజిస్టర్లు వ్రాసుకొనే గుమాస్తాలము ఇద్దరము, పవర్లూములు నడిపే మిత్రులు ముగ్గురు, వెరసి ఐదుగురము. అందరి తరఫున నిలబడి చెబుతున్నాము. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

మొదట ఈ పని ఎందుకు తలపెట్టామో చెప్పాలి. మన పూర్వ భాగములో ఒక పేట వెనుక నాలా ఉన్నది. వానాకాలములో అది పొంగి ఒక సందులోకి వస్తుంది. అరవై గడపల సందు అది. నీళ్ళు మోకాలి దాకా వస్తే మోటారు ఆగుతుంది, బీములో చుట్టిన పడుగు తడుస్తుంది. పడుగు తడిసిన ఇంటిలో ఆ వారము కూలి లేదన్నమాటే. సందువాళ్ళు దరఖాస్తు వ్రాయించుకొని ఒక కచేరికి వెళ్ళారు. అక్కడివారు నక్షా పరచి, వేలు పెట్టి వెదికి, "ఈ సందు ఇందులో లేదే" అన్నారు. ఉన్నదని మనము నోటితో అంటే చాలదు, కాగితము మీద ఉండాలి. కాగితములతోనే బ్రతికేవారము గనుక ఈ సంగతి మాకు కొత్త కాదు. అయితే ఆ సందును కాగితము మీదికి తెచ్చుట ఎట్లా?

ఉపగ్రహ చిత్రాలు చూచాము. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహము చిత్రాలు ఉచితముగా దొరుకుతాయి. కాని అందులో ఒక్కొక్క చుక్క నేల మీద 10 మీటర్లు. మన సందు వెడల్పు అంతకంటె తక్కువ. ఒక్క చుక్కలో సందు, నాలా, రెండు ఇళ్ళు కలిసి మాయమవుతాయి. మనదేశపు కార్టోశాట్-3 ఉపగ్రహము 2019లో ఎగిరింది. అది 25 సెంటీమీటర్ల వివరము చూపగలది గాని, ఆ చిత్రము మనవంటివారి చేతికి ఊరకే రాదు. ఇక డ్రోను. 2021లో వచ్చిన డ్రోను నియమాల ప్రకారము విమానాశ్రయము దగ్గరగా ఉన్న ఊరిలో దానికి అనుమతులు ఎక్కువ. నడిపేవారిని కిరాయికి పిలవాలి, బ్యాటరీ అరగంటకు మించి నిలువదు. అప్పుడు మాలో ఒకరు, "సంక్రాంతికి మనము ఎగరేసే పతంగికే ఫోను కడితే?" అన్నారు. అందరమూ నవ్వాము. తరువాత పుస్తకములు తిరగవేస్తే, నవ్వవలసిన మాట కాదని తెలిసింది.

ఆకాశము నుండి నేలను ఫోటో తీయడము విమానముల కంటె పాత విద్య. 1858లో నాదార్ అనే ఫ్రెంచివాడు తాడుతో కట్టిన బుడగలో కూర్చుండి ప్యారిస్ దగ్గర ఒక పల్లెను ఫోటో తీశాడు. 1860లో అమెరికాలో జేమ్స్ వాలెస్ బ్లాక్ బుడగ నుండి తీసిన బోస్టన్ నగర చిత్రము ఈనాటికీ నిలిచి ఉన్నది. 1888లో ఆర్థర్ బట్యూ అనే మరొక ఫ్రెంచివాడు, మనిషి ఎక్కవలసిన పని లేకుండా, గాలిపటానికే కెమెరా కట్టి పైకి పంపాడు. మీట దానంతట అది పడేటందుకు మెల్లగా కాలే వత్తిని వాడాడు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపము తరువాత జార్జ్ లారెన్స్ 17 గాలిపటాలను ఒకే తాడుకు కట్టి, సుమారు 2000 అడుగుల ఎత్తు నుండి శిథిలమైన ఆ నగరమంతటినీ ఒక్క చిత్రములో పట్టాడు.

మన పనికి మరింత దగ్గరి ఉదాహరణము 2010 నాటిది. ఆ ఏడు మెక్సికో అఖాతములో సముద్రగర్భపు చమురు బావి పేలి నూనె తీరమంతా పరచుకొన్నప్పుడు, ఆ తీరపు సామాన్యులు బుడగలకు, గాలిపటాలకు చవక కెమెరాలు కట్టి, తమ ఒడ్డును తామే ఫోటోలు తీసుకొన్నారు. ఆ ఏడే పెరూ దేశములో లీమా నగరపు బీద పేటలలో పిల్లలు సయితము బుడగలు ఎగరవేసి తమ పేట పటము తామే తయారు చేశారు. అది చదివిన రోజున మాకు ధైర్యము వచ్చింది. లీమా పిల్లలకు చేతనైనది షోలాపురము పద్మశాలీ పిల్లలకు చేతగాకపోతుందా?

బుడగలో నింపే హీలియము వాయువు సంగతి చెప్పాలి. ఈ వాయువుకు మన తెలుగుదేశముతో చుట్టరికము ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టింది. ఆ నీడ మనకు దగ్గరి జమఖండి మీదుగా వెళ్ళి గుంటూరు, బందరు దాటింది. ఫ్రాన్సు నుండి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గుంటూరులో దుర్భిణి పెట్టి, సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును విడదీసి చూచాడు. బందరులో పాగ్సన్ చూచాడు. ఆ వెలుగులో ఒక పసుపు గీత ఉన్నది. అది భూమి మీద తెలిసిన ఏ పదార్థముదీ కాదని ఇంగ్లాండులో లాక్యర్ గుర్తించాడు. సూర్యుని పేరు మీద దానికి హీలియము అని పేరు వచ్చింది. భూమి మీద అదే వాయువును 1895లో రామ్సే పట్టుకొన్నాడు. అనగా ముందు సూర్యునిలో కనిపించి, 27 ఏండ్ల తరువాత నేల మీద దొరికిన వాయువు ఇది. ఇది మండదు, పేలదు. గాలి కంటె ఏడింతలు తేలిక.

అసలు కిటుకు బుడగను, పతంగిని కలపడములో ఉన్నది. ఒట్టి బుడగ గాలి లేనప్పుడు నిట్టనిలువుగా నిలబడుతుంది. గాలి వీచిందా, పక్కకు వాలి, తాడు పడుకొని, ఇళ్ళ కప్పుల మీదికి వస్తుంది. ఒట్టి పతంగికి దీనికి విరుద్ధము. గాలి ఉంటే ఎక్కుతుంది, ఆగితే కూలుతుంది. మన ఊరిలో ఉదయము గాలి ఎప్పుడు లేస్తుందో ఎప్పుడు పడుతుందో చెప్పలేము. రెంటినీ కలిపితే, గాలి లేనప్పుడు బుగ్గ పతంగిని మోస్తుంది, గాలి వచ్చినప్పుడు పతంగి బుగ్గను మోస్తుంది. మంచి కాపురము వంటిదన్నమాట. జర్మనులు 1890లలోనే ఇటువంటి సాధనము చేశారు. అమెరికాలో జాల్బర్ట్ 1940లలో చేశాడు. ఇంగ్లాండులో 1990లలో హెలికైట్ అని వచ్చింది. మేము చేసినది వాటి ముందు బీద చుట్టము.

ఇక చేసిన విధానము. ఇక్కడ ఉన్న కుర్రవాళ్ళు జాగ్రత్తగా వినవలెను.

బుడగ అయిదడుగుల వ్యాసముది, వాతావరణ పరిశీలనకు వాడే రబ్బరు రకము. వెండివలె మెరిసే ప్లాస్టిక్ రేకు బుడగలు కూడా దొరుకుతాయి. వాటిలో వాయువు ఎక్కువ సేపు నిలుస్తుంది. కాని ఆ మెరుపు అల్యూమినియము పూత. అది కరెంటు తీగకు తగిలితే ప్రమాదము. అందుచేత రబ్బరే మేలనుకొన్నాము. అయిదడుగుల బుడగలో సుమారు ఒకటి ముప్పాతిక ఘనమీటర్ల వాయువు పడుతుంది. మన ఊరు సముద్రమునకు సుమారు 450 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక ఇక్కడ ఒక ఘనమీటరు హీలియము కిలోకు కొంచెము తక్కువ బరువు ఎత్తుతుంది. అనగా మొత్తము మీద 1650 గ్రాములు మన ఖాతాలో జమ.

ఇక ఖర్చు వ్రాసుకొనవలెను. బుడగ బరువు 350 గ్రాములు. దానిని పట్టి ఉంచే వల 50. పతంగి గుడ్డ, కడ్డీలు 250. ఫోను, దాని ఉట్టి 300. తాడు 80 మీటర్లకు 240. వెరసి 1190. నిలువ 460 గ్రాములు. ఆ నిలువే తాడును బిగువుగా ఉంచుతుంది. జమలో పాతిక వంతైనా మిగలకపోతే ఎగరవేయరాదు. ఖాతా వ్రాయడము వచ్చినవానికి ఈ శాస్త్రములో సగము వచ్చినట్లే.

పతంగి మూడు మూలలది, రెక్క నుండి రెక్కకు ఆరడుగులు. గుడ్డ గొడుగు గుడ్డ. వెదురు వాడవచ్చును గాని మేము సన్నని ఫైబరు కడ్డీలు వాడాము. పతంగి పొట్ట కింద నిలువుగా ఒక ముక్కోణపు గుడ్డ కుట్టాలి. పడవ అడుగున వెన్నుబద్ద ఎట్లాగో ఇది అట్లా, గాలికి ఎదురుగా ముఖము నిలుపుతుంది. మామూలు పతంగికి సూత్రము కడతాము, మన పిల్లలు కన్నాలంటారు. ఇక్కడ ఆ గుడ్డ కొసయే సూత్రము. తాడు అక్కడ కట్టాలి. వలలో పెట్టిన బుడగను పతంగి వీపు మీద, నడిమికి కొంచెము ముందుగా బిగించాలి. తోకకు రెండు గుడ్డ పేలికలు చాలు.

తాడు విషయములో మన పేట పెద్దలకు నమస్కరించాలి. నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దేశమంతటా నిషేధించింది. పక్షులు, మనుషులు గొంతులు తెగి చచ్చే ఆ దారము మన చేత పట్టరాదు. మేము నూలు తాడు కావాలని ఒక పెద్దాయనను అడిగాము. ఆయన మగ్గము ముందే పుట్టి పెరిగినవాడు. "ఏంరా, గా బుగ్గకు ఎంత బలం ఉంటది?" అని అడిగి, మేము చెప్పగానే, లెక్క పెట్టకుండానే కండెల నుండి నూలు తీసి పురి మీద పురి వేసి పేని ఇచ్చారు. పది మీటర్లకొక ఎర్ర దారము కట్టారు, ఎత్తు తెలియడానికి. తెగుతుందేమోనని ఇద్దరము వేలాడి చూచాము, తెగలేదు. తాడు పట్టే వానికి తోలు చేతిజోళ్ళు తప్పనిసరి.

ఫోనును నేరుగా పతంగికి కట్టరాదు. పతంగి ఊగితే ఫోటో చెదురుతుంది. పతంగికి అయిదు మీటర్లు దిగువగా, తాడు మీద రెండు చోట్ల కొక్కెములు పెట్టి, రెండు పుల్లలను శిలువ ఆకారములో కట్టి, నాలుగు కొసల నుండి ఒకే దారమును ఆ కొక్కెముల గుండా తిప్పి వ్రేలాడదీయాలి. తాడు ఎట్లా వాలినా పుల్లలు నేలకు సమముగా ఉంటాయి. ఈ ఉపాయము 1912లో పికావె అనే ఫ్రెంచివాడు కనిపెట్టాడు. మన ఇండ్లలో ఉట్టి వ్రేలాడదీసిన తల్లులకు ఇది వెంటనే అర్థమవుతుంది. పుల్లల కింద కోసిన ప్లాస్టిక్ సీసాలో పాత ఫోను, కన్ను నేల వైపు. అయిదు సెకండ్లకొక ఫోటో తనంతట తీసే ఏర్పాటు ఫోనులోనే పెట్టుకోవచ్చును. గంటకు 720 చిత్రాలు.

60 మీటర్ల ఎత్తు నుండి మామూలు ఫోను సుమారు 80 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు నేలను ఒక్క చిత్రములో చూపుతుంది. ఒక్కొక్క చుక్క 2 సెంటీమీటర్లు. వాకిట్లో చెంబు పెడితే కనబడుతుంది. ఉపగ్రహము 10 మీటర్ల చుక్కతో పోల్చుకోండి.

జాగ్రత్తలు చెప్పకుండా ఈ విద్య చెప్పరాదు. ఒకటి, చట్టము. 1934 నాటి విమాన చట్టములో విమానము అనే మాటకు ఇచ్చిన అర్థములో తాడు కట్టిన బుడగ, గాలిపటము కూడా చేరి ఉన్నాయి. ఆ చట్టము స్థానములో 2024లో కొత్త చట్టము వచ్చింది. కనుక ఇది పిల్లల ఆట అనుకోరాదు. మేము పోలీసు ఠాణాకు, విమానాశ్రయపువారికి వ్రాతపూర్వకముగా విన్నవించి, అనుమతి చేతికి వచ్చిన తరువాతనే తాడు ముడి విప్పాము. రెండు, కరెంటు. రైలు మార్గము మీది తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. ముట్టుకోనక్కరలేదు, దగ్గరికి పోతేనే చాలు. తడిసిన నూలు తాడు కరెంటును తెస్తుంది. రైలు పట్టాలకు, పెద్ద తీగలకు మన తాడు పొడవుకు రెండింతల దూరములో ఉండాలి. మబ్బు పట్టినప్పుడు, ఉరిమినప్పుడు వద్దు. మూడు, వాయువు. జాతరలలో కొందరు బుడగలవాళ్ళు కాస్టిక్ సోడా, అల్యూమినియము కలిపి సిలిండరులోనే వాయువు పుట్టిస్తారు. అది హైడ్రోజను. చవకే గాని మండుతుంది, సిలిండరు పేలుతుంది. దానికి హీలియము కంటె ఎత్తే బలము నూటికి ఎనిమిది పాళ్ళే ఎక్కువ. ఆ ఎనిమిది పాళ్ళ కొరకు ప్రాణము పణము పెట్టరాదు. హీలియమును కూడా గొంతు మారుతుందని సరదాకు పీల్చరాదు. ఊపిరిలో ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది.

హీలియము ఖరీదైనది. భూగర్భములో సహజవాయువుతో పాటు దొరుకుతుంది, మన దేశము దాదాపు అంతా బయటి నుండే కొంటుంది. ఒకసారి గాలిలో కలిస్తే మళ్ళీ చేతికి రాదు. పెద్ద సిలిండరులో సుమారు 7 ఘనమీటర్లు ఉంటుంది, మన బుడగకు నాలుగు సార్లు వస్తుంది. ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రాలకు కూడా ఇదే వాయువు కావాలి. కనుక పుట్టినరోజు పందిళ్ళకు వృథా చేయక, పని ఉన్నప్పుడే వాడుట ధర్మము. గాలి బాగా ఉన్న దినము ఒట్టి పతంగితోనే పని కానివ్వవచ్చును.

ఎగరవేసినది మాఘమాసములో ఒక ఆదివారము ఉదయము. సంక్రాంతి దినములు కావాలనే తప్పించాము, పైన మాంజాలు తిరుగుతుంటే మన తాడు తెగుతుంది. ముందునాటి సాయంత్రము గడప గడపకు వెళ్ళి చెప్పాము: "రేపు ఏడు నుండి తొమ్మిది దాకా పైనుండి ఫోటో తీస్తాము, డాబాల మీద స్నానాలు, ఆరవేతలు చూచుకోండి" అని. పైనుండి చూచే కంటికి మర్యాద ఉండాలి. మనుషులు గుర్తుపట్టేట్లు పడిన చిత్రాలను ఆ రోజే తీసివేశాము.

కొలతకు ఆధారము కావాలి గదా. అక్కడ ఆడపడుచులు సాయపడ్డారు. సందు రెండు కొసలలో, నాలా వంపు దగ్గర, వంతెన దగ్గర, ఖచ్చితముగా మీటరు పొడవు, మీటరు వెడల్పు కొలిచి ముగ్గుపిండితో పెద్ద కూడిక గుర్తులు వేశారు. ఒకామె ఊరుకోలేక చుట్టూ నాలుగు పద్మాలు కూడా పెట్టింది. ఫోటోలో అవి చక్కగా పడ్డాయి.

సందులో కరెంటు తీగలు అడ్డముగా ఉన్నందున తాడుతో లోపల నడువలేదు. స్తంభాలు లేని నాలా గట్టు వెంట ఇద్దరు తాడు పట్టి మెల్లగా నడిచారు, ఒకరు పైకి చూస్తూ, ఒకరు కాలి కింద చూస్తూ. వెనుక పేట పిల్లలంతా. వచ్చిన చిత్రాలు ఏడువందల పైన, పనికివచ్చినవి తొంభై. పక్క పక్క చిత్రాలు సగానికి పైగా ఒకదాని మీద ఒకటి పడేట్లు ఉంటే, ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అనే ఉచిత సాధనము వాటిని కుట్టి ఒకే పటము చేస్తుంది. రెండు పనగలు జోడించి చద్దరు కుట్టినట్లే.

ఆ పటమును పెద్ద కాగితము మీద అచ్చు వేయించి పేట మందిరములో గోడకు పెట్టాము. ఆరవేసిన రంగు నూలు చిలపలు, నీళ్ళ డ్రమ్ములు, తులసి కోటలు, అరవై గడపలూ అందులో ఉన్నాయి. తాడు పేనిన పెద్దాయన వచ్చి, అద్దాలు పెట్టుకొని, చాలాసేపు చూచి, "డెబ్బై ఏండ్ల సంది గీ సందుల్నే ఉన్న. సందు మొత్తం గిప్పుడు చూసిన" అన్నారు. తరువాత వేలితో నాలా వెంట వచ్చి, వంపు దగ్గర ఆగి, "గిక్కడనే నీళ్ళు ఎనుకకు తంతయి" అన్నారు. ముగ్గు గుర్తుతో కొలిస్తే, పైన మూడు మీటర్లు ఉన్న నాలా ఆ వంపులో ఒక మీటరు ఇరవై సెంటీమీటర్లు. ఆయన కంటికి తెలిసినదే చిత్రములో అంకెగా దొరికింది.

ఆ చిత్రము జతపరచి, కొలతలు వ్రాసి, అరవై గడపల సంతకములతో మళ్ళీ దరఖాస్తు ఇచ్చాము. ఈసారి "లేదే" అన్నవారు లేరు. ముద్ర పడింది, నంబరు పడింది. పదిహేను రోజులకు టేపు పట్టుకొని మనుషులు వచ్చి నాలా కొలిచారు. వారి కొలతకు, మా కొలతకు తేడా నాలుగు వేళ్ళు. నాలా ఇంకా వెడల్పు కాలేదు. సందు ఇంకా నక్షాకు ఎక్కలేదు. కాని కొలత పుస్తకములోకి ఎక్కింది. ఒకసారి పుస్తకములోకి ఎక్కినది ఊరకే దిగదని మా ఉద్యోగ అనుభవము.

సోదరులారా, మన తాతలు మూటా ముల్లె కట్టుకొని ఈ ఊరికి వచ్చి మగ్గాలు వేశారు. ఇళ్ళు కట్టుకొన్నారు, భాష నిలుపుకొన్నారు, గుడులు కట్టారు. మనము ఉన్న చోటును మనమే చూచుకొని, మనమే కొలుచుకొని, కాగితము మీద పెట్టుకొనే పని మాత్రము మనకు మిగిల్చారు. పైనుండి చూచే కన్ను ఎవరో పెద్దలదిగానే ఉండనక్కరలేదు. దాని తాడు మన నూలుది కావచ్చును, మన చేతిలో ఉండవచ్చును. వానలకు ముందు మరి రెండు పేటలలో ఎగరవేయాలని ఉన్నది. కుట్టు వచ్చిన అక్కలు, లెక్క వచ్చిన తమ్ముళ్ళు, ముగ్గు వేసే చెల్లెళ్ళు మాతో చేరవలెనని కోరుతున్నాము. సిలిండరు ఖర్చుకు సంఘమువారు చేయి వేస్తామన్నారు, వారికి కృతజ్ఞతలు.

 ఉగాది పచ్చడి చల్లారక ముందే సెలవు తీసుకొంటున్నాము.